బోట్స్వానా ఖజానాని ఎవరూ దోచుకోలేదు, అయినా ఖాళీ అవుతోంది

ఆఫ్రికాలో ఖనిజాలున్న చిన్న దేశం అనగానే మన టీవీ చర్చల్లోనూ యూట్యూబ్ వీడియోల్లోనూ వినిపించే కథ ఒకటే. నేల కింద చమురో బంగారమో వజ్రాలో ఉంటాయి, నేల మీద ఒక నియంత ఉంటాడు, వాడి కొడుక్కి పారిస్‌లో మేడ ఉంటుంది, జనానికి తాగడానికి మంచినీళ్ళు ఉండవు. అబద్ధమేం కాదు. ఈక్వటోరియల్ గినీలో అక్షరాలా ఇదే జరిగింది, అధ్యక్షుడి కొడుక్కి ఫ్రాన్స్ కోర్టులు శిక్ష కూడా ఖరారు చేశాయి. కాకపోతే ఎప్పుడూ ఇదొక్కటే విని విని మనకో నమ్మకం స్థిరపడిపోయింది: తినేవాడు లేకపోతే చాలు, నిజాయితీగల నాయకుడు దొరికితే చాలు, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని. ఆ నమ్మకం సగమే నిజం. మిగతా సగం ఏమిటో బోట్స్వానాని చూస్తే తెలుస్తుంది.

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో నేను కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను, ఒక హోల్‌సేల్ సరుకుల కంపెనీలో లెక్కలు చూసే పని. మనవాళ్ళు అక్కడ బాగానే కనిపిస్తారు, అకౌంటెంట్లు, టీచర్లు, డాక్టర్లు, షాపులు పెట్టుకున్నవాళ్ళు. ఉన్నన్నాళ్ళూ ఆ దేశం మీద నాకు గౌరవం పెరుగుతూనే పోయింది. నన్ను ఏ ఆఫీసులోనూ ఎవరూ చెయ్యి చాచి అడగలేదు. రోడ్లు బాగుండేవి, ప్రభుత్వ క్లినిక్కులో మందులుండేవి, ఎన్నికలు జరిగితే వీధుల్లో కొట్లాటలుండేవి కావు. అలాంటి దేశంలో 2024లో ఆర్థిక వ్యవస్థ 3 శాతం దాకా కుంచించుకుపోయింది. 2025 ఆగస్టులో ప్రభుత్వాసుపత్రుల్లో మందులు లేవని అధ్యక్షుడు డూమా బోకో ప్రజారోగ్య ఎమర్జెన్సీ ప్రకటించి, మందుల పంపిణీని సైన్యం పర్యవేక్షణలో పెట్టాల్సొచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు, ఎందుకంటే ఆ మందుల మీదే బతుకుతున్న మనుషులు నాకు తెలుసు.

మొదట్నుంచీ చెప్తాను.

బోట్స్వానా విస్తీర్ణం చూస్తే చిన్న దేశం కాదు, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో దానికి రెండింతలు. జనం మాత్రం పాతిక లక్షలు, హైదరాబాద్ జనాభాలో నాలుగో వంతుకి అటూఇటూ. నేలలో ఎక్కువ భాగం కలహారీ ఎడారి. బ్రిటిష్ వాళ్ళు దీన్ని బెచువానాలాండ్ అని పిలిచి, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ అనే ఊళ్ళో కూర్చుని పాలించారు, అంటే దేశం రాజధాని దేశానికి బయట ఉండేది. ఇక్కడ ఏదైనా కట్టాలన్న ఆలోచనే వాళ్ళకి లేదు. 1966 సెప్టెంబర్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తమ్మీద 12 కిలోమీటర్ల తారురోడ్డు, 22 మంది డిగ్రీ చదివినవాళ్ళు ఉన్నారని లెక్క చెప్తారు. అప్పటికి కొన్నేళ్ళుగా కరువు, పశువులు గుంపులుగా చచ్చిపోతున్నాయి, పశువులు తప్ప ఇంకో ఆదాయం లేదు. చుట్టూ దక్షిణాఫ్రికా, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), నమీబియా, మూడు చోట్లా తెల్లవాళ్ళ పాలనే. ఇది దేశంగా నిలబడుతుందని అప్పట్లో పెద్దగా ఎవరూ అనుకోలేదు.

మొదటి అధ్యక్షుడు సెరెట్సె ఖామా. బమాంగ్వాటో తెగకి రాజు కావాల్సినవాడు. లండన్‌లో చదువుకుంటూ 1948లో రూత్ విలియమ్స్ అనే ఇంగ్లిష్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. పక్కనే వర్ణవివక్షని చట్టం చేస్తున్న దక్షిణాఫ్రికాకి ఈ పెళ్ళి కంట్లో నలుసైంది, వాళ్ళ ఒత్తిడికి లొంగిన బ్రిటన్ ఆయన్ని సొంత దేశంలోనే ఉండనివ్వలేదు. 1956లో గానీ ఆయన ఇంటికి తిరిగి రాలేకపోయారు, అదీ రాజరికం వదులుకుంటానని ఒప్పుకున్నాకే. ఈ మనిషి తర్వాత చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఈ అవమానాన్ని గుర్తుపెట్టుకోవాలి.

1967లో ఆయన తెగ భూముల్లోనే, ఒరాపా దగ్గర, డి బీర్స్ అనే పెద్ద వజ్రాల కంపెనీ మనుషులకి వజ్రాలు దొరికాయి. మామూలుగా అయితే అవి బమాంగ్వాటోల సొత్తు, అంటే ఒక రకంగా ఆయన కుటుంబం సొత్తు. అదే ఏడాది ఆయన ప్రభుత్వం చేసిన చట్టం ఏమందంటే, నేల కింద ఉన్నది ఏ తెగకీ చెందదు, దేశానికి చెందుతుంది. ఒక్కో తెగనీ కూర్చోబెట్టి ఒప్పించి ఆ హక్కులు రాయించుకున్నారు. సియెర్రా లియోన్‌లో, కాంగోలో వజ్రాల చుట్టూ పారిన రక్తం గుర్తు చేసుకుంటే ఈ ఒక్క సంతకం విలువ ఎంతో తెలుస్తుంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే.

రెండో పని బేరం. మొదట్లో గని కంపెనీలో ప్రభుత్వానికి ఉన్న వాటా 15 శాతమే. ఒరాపా ఎంత పెద్దదో తెలిసొచ్చాక, 1970ల మధ్యలో మళ్ళీ కూర్చుని దాన్ని 50 శాతానికి పెంచుకున్నారు. అలా తయారైందే డెబ్స్వానా, సగం ప్రభుత్వానిది, సగం డి బీర్స్‌ది. 1982లో జ్వనెంగ్ గని మొదలైంది, విలువ పరంగా ప్రపంచంలోనే అన్నిటికన్నా గొప్ప వజ్రాల గని అది. పన్ను, రాయల్టీ, డివిడెండు అన్నీ కలుపుకుంటే డెబ్స్వానా లాభంలో దాదాపు 80 శాతం ప్రభుత్వానికే చేరుతుంది. బహుళజాతి కంపెనీతో ఒక పేద దేశం ఇలాంటి బేరం కుదుర్చుకోవడం అరుదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు మన నేల నుంచే వెళ్ళాయి. పదిహేడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో 60 వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ రాశాడు. ఆ రాళ్ళతో గోల్కొండ వెలిగింది, తర్వాత ఢిల్లీ వెలిగింది, ఆ తర్వాత లండన్ వెలిగింది. తవ్వినవాళ్ళకి మిగిలింది పూటగడవని కూలి. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది, తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం ఇప్పటికీ రాయి దొరుకుతుందేమోనని వంగి వెతుకుతూనే ఉన్నారు. బోట్స్వానాలో మాత్రం ఒరాపా గని మొదలైన ఒక్క తరంలో బడులు, క్లినిక్కులు, తారురోడ్లు, విశ్వవిద్యాలయం వచ్చాయి. అప్పుడు ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి, ఇప్పుడు మధ్యస్థ ఆదాయపు దేశాల్లో పై మెట్టు. రాళ్ళు రెండు చోట్లా ఉన్నాయి, తేడా అవి ఎవరివన్న చట్టంలో ఉంది. అందుకే నాయకత్వం లెక్కలోకి రాదని నేనెప్పుడూ అనను.

డబ్బు ఖర్చు పెట్టిన తీరులోనూ క్రమశిక్షణ ఉంది. ఖనిజాల ఆదాయాన్ని జీతాలకి, రోజువారీ ఖర్చులకి వాడకూడదు, రోడ్లకీ చదువుకీ ఆరోగ్యానికే పెట్టాలని తమకి తామే ఒక నియమం పెట్టుకున్నారు. మిగిలినదాన్ని దాచడానికి 1994లో పులా ఫండ్ పెట్టారు. సెరెట్సె తర్వాత వచ్చిన కెటుమిలె మసిరె పద్దెనిమిదేళ్ళు పాలించి 1998లో తనంతట తాను పక్కకి తప్పుకున్నారు. ఆఫ్రికాలో అవినీతి తక్కువున్న దేశాల జాబితాలో ఏళ్ళ తరబడి బోట్స్వానా ముందు వరసలోనే ఉంది.

ఆ డబ్బు మనుషుల ప్రాణాలు కాపాడిన సందర్భం ఒకటుంది. 2000 ప్రాంతంలో చేసిన సర్వేల్లో గర్భిణుల్లో మూడో వంతు కన్నా ఎక్కువ మందికి హెచ్ఐవీ ఉందని తేలింది. ఆయుర్దాయం యాభై దగ్గరికి పడిపోయింది. మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది, స్టోర్స్ రిజిస్టర్లు ఆవిడే చూసేది. ఆ రోజుల గురించి అడిగితే, ప్రతి శనివారం అంత్యక్రియలే అని చెప్పేది, ఒకే శనివారం రెండు ఊళ్ళలో చావులుంటే ఇంట్లోవాళ్ళు పంచుకుని ఒకరటూ ఒకరిటూ వెళ్ళేవాళ్ళట. 2002లో ఫెస్టస్ మొగాయె ప్రభుత్వం హెచ్ఐవీ మందుల్ని అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, ఆఫ్రికాలో దేశం మొత్తానికీ అలా ఇచ్చిన మొదటి ప్రభుత్వం అది. విదేశీ ఫౌండేషన్ల సాయం ఉంది, నిజమే, కానీ బరువులో పెద్ద వాటా వజ్రాల డబ్బే మోసింది. ఆ పెద్దావిడ ఒకసారి నాతో అన్న మాట: "చూడండి ర్రా, వజ్రాలు మీకేమిచ్చాయని ఎవరైనా అడిగితే నేను నా కూతుర్ని చూపిస్తాను." ర్రా అంటే అక్కడ మగవాళ్ళని గౌరవంగా పిలిచే పిలుపు. ఆడవాళ్ళని మ్మా అంటారు. తల్లి నుంచి బిడ్డకి వైరస్ సోకడాన్ని దాదాపుగా ఆపగలిగినందుకు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బోట్స్వానాకి గుర్తింపు ఇచ్చింది.

ఇంత చేసిన దేశానికి ఇప్పుడేమైంది?

దీనికి జవాబు పుస్తకాల్లో కన్నా ముందు నా సొంత లెడ్జర్లలో కనిపించింది. మా గోడౌనుకి వచ్చే లారీలన్నీ ట్లోక్వెంగ్ సరిహద్దు దాటి దక్షిణాఫ్రికా నుంచే వచ్చేవి. మొక్కజొన్న పిండి, పంచదార, వంటనూనె, సబ్బులు, పాలపొడి, టాయిలెట్ పేపరు, చివరికి ఉల్లిపాయలు కూడా. ఇన్వాయిసులన్నీ దక్షిణాఫ్రికా డబ్బు రాండ్‌లో. అమ్మకాలు చూస్తే నెలంతా అంతంత మాత్రం, జీతాలు పడే వారంలో మాత్రం గోడౌన్ ముందు బండ్లు బారులు తీరేవి, ఏటీఎంల దగ్గర క్యూలు వీధి మలుపు దాకా ఉండేవి. ఆ జీతాలు ఎవరివంటే టీచర్లవి, నర్సులవి, పోలీసులవి, మంత్రిత్వ శాఖల గుమాస్తాలవి, అంటే ప్రభుత్వానివే. దేశంలో అందరికన్నా పెద్ద యజమాని ప్రభుత్వమే. ప్రైవేటు కంపెనీ అన్నది కూడా చాలా వరకు ప్రభుత్వ టెండర్ల మీదో ప్రభుత్వ ఉద్యోగి జీతం మీదో బతుకుతుంది, మా కంపెనీ కూడా అంతే.

కాబట్టి డబ్బు తిరిగే దారి ఇదీ: వజ్రం డాలర్లు తెస్తుంది, డాలర్లు ప్రభుత్వానికి చేరతాయి, ప్రభుత్వం జీతాలుగా, పెన్షన్లుగా, టెండర్లుగా పంచుతుంది, ఆ డబ్బు మా షాపుకొస్తుంది, మా షాపు నుంచి జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్న పిండి మిల్లుకీ సబ్బు ఫ్యాక్టరీకీ వెళ్ళిపోతుంది. దేశంలో ఆ డబ్బు ఒక్క చుట్టు తిరిగి బయటికి పోతుంది. ఇందులో ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ప్రతి పైసాకీ రసీదుంది. అయినా దేశంలో ఉత్పత్తి అంటూ ఏదీ పెరగలేదు.

గని తవ్వడం కూడా ఉద్యోగాలిచ్చే పని కాదు. జ్వనెంగ్ గాబరోన్‌కి పడమర 160 కిలోమీటర్ల దూరం. గొయ్యి అంచున నిలబడి చూస్తే కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి, అదే లారీ పైకొచ్చి మన పక్కన నిలబడితే దాని టైరు మనిషి కన్నా ఎత్తు. అంత పెద్ద గొయ్యిలో నాకు మనుషులు చాలా తక్కువగా కనిపించారు. యంత్రాలే. దేశం ఎగుమతుల్లో దాదాపు 80 శాతం వజ్రాలదే, ప్రభుత్వ ఆదాయంలో మూడో వంతుకి అటూఇటూ అక్కడి నుంచే వస్తుంది, కానీ డెబ్స్వానాలో నేరుగా పనిచేసేవాళ్ళు కొన్ని వేల మంది మాత్రమే. మిగతా దేశానికి గనితో ఉన్న సంబంధం బడ్జెట్ ద్వారా తప్ప ఇంకోలా లేదు. నిరుద్యోగం పాతిక శాతం దాటింది, కుర్రాళ్ళలో ఇంకా ఎక్కువ. ఊళ్ళలో ఇపెలెగెంగ్ అని మన ఉపాధి హామీ లాంటి పథకం ఉంది, డిగ్రీ చదివినవాళ్ళు కూడా అందులో గడ్డి కోస్తూ కనిపిస్తారు. ఆదాయాల్లో అసమానత ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి.

"మరి వేరే పరిశ్రమలు ఎందుకు పెట్టలేదు?" అని అడగడం తేలిక. ప్రయత్నించారు. 1990ల్లో గాబరోన్‌లో హ్యుందాయ్ కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టారు, కొన్నాళ్ళు కార్లు వజ్రాల తర్వాత రెండో పెద్ద ఎగుమతి కూడా అయ్యాయి. ఆ కార్లన్నీ కొనాల్సింది దక్షిణాఫ్రికా వాళ్ళే, అక్కడి కార్ల పరిశ్రమకి ఇది గిట్టలేదు, 2000లో ఫ్యాక్టరీ దివాలా తీసి మూతపడింది. సెలెబి ఫిక్వెలో రాగి, నికెల్ తవ్వే ప్రభుత్వ కంపెనీ బీసీఎల్ నష్టాల్లో కూరుకుపోయి 2016 అక్టోబర్‌లో ఆగిపోతే సుమారు 5 వేల ఉద్యోగాలు పోయాయి, ఊరికి ఊరే ఆ గని మీద కట్టుకున్నది. కరెంటు కోసం దక్షిణాఫ్రికా మీద ఆధారపడకూడదని మొరుపులె బీ అనే 600 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టించారు, అది తయారైన దగ్గర్నుంచీ పాడవుతూ బాగవుతూనే ఉంది. ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడికి కరెంటే నమ్మకం లేకపోతే ఇంకేం పెడతాడు?

కూరగాయల కథ మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో తప్పూ ఒప్పూ రెండూ ఉన్నాయి. 2022 జనవరిలో అప్పటి అధ్యక్షుడు మసీసీ ప్రభుత్వం టమాటా, ఉల్లి, క్యాబేజీ లాంటి కూరగాయల దిగుమతుల్ని ఆపేసింది. ఉద్దేశం మంచిదే, మన రైతే పండించాలి అని. కొందరు బోర్లు వేసుకుని నిజంగానే పండించారు. కానీ ఎడారి అంచున వ్యవసాయం, నీళ్ళ కొరత, ఒక్కో సీజన్లో దుకాణాల్లో టమాటా కనిపించేది కాదు, కనిపిస్తే ధర మండిపోయేది. సరిహద్దుకి దగ్గరుండే వాళ్ళు కారేసుకుని అవతలికెళ్ళి తెచ్చుకునేవాళ్ళు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. ఈసారి దక్షిణాఫ్రికా టమాటా చవగ్గా దిగింది, అప్పు చేసి డ్రిప్పు వేసుకున్న స్థానిక రైతు ఇరుక్కున్నాడు. రెండు ప్రభుత్వాలకీ వాదనలున్నాయి. నా మటుకు నాకు నిషేధాన్ని ఇలా ఎత్తేయడం కన్నా, సుంకం వేసి ఏడాదికింత చొప్పున తగ్గించుకుంటూ రావాల్సింది. రైతు పంట ప్రణాళిక ఎన్నికల తేదీని బట్టి నడవదు.

అసలు లోపం ఎక్కడంటే, పొదుపు చేసినంత శ్రద్ధగా వాళ్ళు ఉత్పత్తిని నిర్మించలేదు. నిర్మించాల్సిన తొందర కూడా వాళ్ళకి తెలియలేదు. ఏటా వజ్రాలు డబ్బు తెస్తుంటే, ఐఎంఎఫ్ ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంటుంటే, ఆఫ్రికా అద్భుతం అని పత్రికలు రాస్తుంటే, వచ్చే పదేళ్ళలో చూద్దాంలే అనిపించడం సహజం. 1966 నుంచి 2024 దాకా 58 ఏళ్ళు ఒకే పార్టీ, బోట్స్వానా డెమోక్రటిక్ పార్టీ, గెలుస్తూ వచ్చింది. ఎన్నికల్లో పెద్దగా రిగ్గింగ్ లేదు, నిజంగానే గెలిచారు. కానీ గెలుపు అంత తేలికైన చోట కష్టమైన నిర్ణయాలు వాయిదా పడతాయి. చివరి ఐదారేళ్ళలో మాజీ అధ్యక్షుడు ఇయాన్ ఖామా, ఆయన స్వయంగా ఎంచుకున్న వారసుడు మసీసీ, ఇద్దరూ కోర్టుల్లోనూ సభల్లోనూ కొట్టుకుంటూ గడిపారు. సెరెట్సె కొడుకైన ఇయాన్ ఖామా 2021లో దేశం వదిలి దక్షిణాఫ్రికాలో ఉండి 2024 సెప్టెంబర్లో గానీ తిరిగి రాలేదు. ఆ తండ్రి ప్రవాసం గుర్తున్న ముసలివాళ్ళకి ఇది ఎంత బాధగా ఉండుంటుందో.

ఇంకో మచ్చ ఉంది, దాన్ని చెప్పకుండా బోట్స్వానాని పొగడటం అన్యాయం. సెంట్రల్ కలహారీ అభయారణ్యంలో వేల ఏళ్ళుగా ఉంటున్న సాన్ ప్రజల్ని 1997లోనూ 2002లోనూ ప్రభుత్వం ఖాళీ చేయించింది. నీళ్ళ బోరు మూసేసి మరీ వెళ్ళగొట్టింది. వాళ్ళు కోర్టుకెళ్ళి 2006 డిసెంబర్‌లో గెలిచారు. అయినా బోరు వాడుకునే హక్కు కోసం మళ్ళీ 2011 దాకా పోరాడాల్సొచ్చింది. ఊరి పెద్ద దగ్గర క్గోట్లాలో, అంటే ఊరి సభలో, చెట్టు కింద ఎవరైనా లేచి మాట్లాడొచ్చని గర్వంగా చెప్పుకునే దేశం, ఆ చెట్టు కిందికి సాన్‌లని సమానులుగా రానివ్వలేదు. కోర్టు వాళ్ళ పక్షాన నిలబడటం మాత్రం ఆ దేశ వ్యవస్థ బలమే.

ఇక వజ్రాల ధర సంగతి. మన దేశానికి ఇందులో నేరుగా పాత్ర ఉంది కాబట్టి మనం తప్పక పట్టించుకోవాల్సిన భాగం ఇది. ప్రపంచంలో వజ్రాల్లో 90 శాతం దాకా సానపట్టేది మన సూరత్‌లోనే. బోట్స్వానా రాయి గాబరోన్‌లో గ్రేడింగ్ అయి సూరత్‌కి వస్తుంది. అదే సూరత్‌లో ఇప్పుడు ల్యాబులో వజ్రాలు పెంచుతున్నారు, చైనాలోనూ పెంచుతున్నారు. అది నకిలీ కాదు, అదీ కర్బనమే, యంత్రం లేకుండా తేడా పట్టలేం, ధర మాత్రం గని వజ్రం ధరలో చిన్న భాగం. 2023 బడ్జెట్లో మన కేంద్ర ప్రభుత్వం ల్యాబ్ వజ్రాలకి వాడే విత్తన స్ఫటికాల మీద సుంకం ఎత్తేసి, పరిశోధనకి ఐఐటీకి నిధులిచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ప్రధాని మోదీ అమెరికా వెళ్ళినప్పుడు జిల్ బైడెన్‌కి ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబులో తయారైనదే. మన కుర్రాళ్ళకి పని దొరుకుతుంది కాబట్టి దీన్ని నేను తప్పు పట్టను. అయితే ఆ పని వల్ల ఎవరి ఆసుపత్రి ఖాళీ అవుతోందో తెలుసుకుని ఉండటం మన ధర్మం.

డి బీర్స్ 1947 నుంచీ వజ్రం శాశ్వతమని ప్రపంచాన్ని నమ్మించింది. పెళ్ళి ఉంగరంలో వజ్రం ఉండి తీరాలన్న కోరిక భూమిలోంచి రాలేదు, ప్రకటనల్లోంచి వచ్చింది. ఆ కంపెనీయే 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాల నగలు క్యారెట్ 800 డాలర్లకి అమ్మడం మొదలెట్టింది, గని వజ్రం వేరు ఇది వేరు అని జనం మనసులో నాటుదామని. ఆ లెక్క కుదరలేదు, 2025లో లైట్‌బాక్స్‌ని మూసేస్తామని ప్రకటించారు. చైనాలో కొనుగోళ్ళు పడిపోయాయి, అమెరికాలో కుర్రజంటలు ల్యాబ్ రాయి వైపు మళ్ళారు. 2024లో డెబ్స్వానా అమ్మకాలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సగానికి దగ్గరగా పడిపోయాయి. గనుల్లో ఉత్పత్తి తగ్గించారు. అదే ఏడాది ఆగస్టులో కరోవె గనిలో 2,488 క్యారెట్ల రాయి దొరికింది, ప్రపంచంలో అంత పెద్ద రాయి దొరికి వందేళ్ళు దాటింది. ఆ రాయిని చేతిలో పట్టుకుని ఫొటో దిగిన అధ్యక్షుడు మసీసీ రెండు నెలలకి ఓడిపోయారు.

ఓడిపోవడం అంటే మామూలుగా కాదు. 2024 అక్టోబర్ 30న జరిగిన ఎన్నికల్లో 58 ఏళ్ళ పాలక పార్టీకి 61 స్థానాల్లో నాలుగే దక్కాయి. మసీసీ ఓటమి ఒప్పుకుని పక్కకి తప్పుకున్నారు. లాయరైన డూమా బోకో కూటమి గెలిచింది. కోపంతో ఉన్న జనం ఒక్క రాయి విసరకుండా ప్రభుత్వాన్ని దించేశారు, ఇది వాళ్ళు అరవై ఏళ్ళలో కట్టుకున్న ఆస్తుల్లో అన్నిటికన్నా విలువైనదని నేను నమ్ముతాను. కానీ బోకో చేతికొచ్చిన ఖజానా దాదాపు ఖాళీ. కోవిడ్ తర్వాత పులా ఫండ్‌లోని ప్రభుత్వ నిల్వలు కరిగిపోయాయి. ఎన్నికల్లో కనీస వేతనం 4 వేల పులాలు (పులా అక్కడి డబ్బు) చేస్తామన్నారు, ముసలివాళ్ళ పెన్షన్ పెంచుతామన్నారు. పెన్షన్ పెంచారు కూడా. ఆ పక్కనే హెచ్ఐవీ కార్యక్రమాలకి వచ్చే అమెరికా సాయంలో కోత పడింది, మందులు సరఫరా చేసేవాళ్ళకి బకాయిలు పేరుకుపోయాయి. ఆగస్టు ఎమర్జెన్సీ అలా వచ్చింది.

ఇప్పుడు అక్కడ నడుస్తున్న పెద్ద చర్చ డి బీర్స్‌ని కొనడం. దాంట్లో 85 శాతం ఉన్న ఆంగ్లో అమెరికన్ కంపెనీ ఇక వజ్రాల వ్యాపారం వద్దు, అమ్మేస్తామని 2024 మేలో ప్రకటించింది. బోట్స్వానాకి ఇప్పటికే 15 శాతం ఉంది. బోకో ప్రభుత్వం పెత్తనం తమ చేతికి వచ్చేంత వాటా కావాలంటోంది. 1888లో సెసిల్ రోడ్స్ పెట్టిన కంపెనీ, ఆఫ్రికా వాళ్ళ నేల తవ్వి లండన్‌ని ధనవంతం చేసిన కంపెనీ, అది ఒక ఆఫ్రికా దేశం చేతిలోకి రావడం అన్న ఊహ ఎంత గొప్పగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. గాబరోన్‌లో ఉన్న నా స్నేహితులు దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారిపోతుంది.

అయినా నేను వద్దనే అంటాను. ఆంగ్లో అమెరికన్ డి బీర్స్ విలువని తన పుస్తకాల్లో 2024 ఫిబ్రవరిలో 160 కోట్ల డాలర్లు, 2025 ఫిబ్రవరిలో మరో 290 కోట్ల డాలర్లు తగ్గించుకుంది. యజమానే ఇంతగా కిందికి దించి రాస్తున్న ఆస్తిని, మందులు కొనలేని ప్రభుత్వం అప్పు చేసి కొనడం ఏమిటి? మీ ఆదాయం వజ్రం మీద, మీ జీతాలు వజ్రం మీద, ఇక మీ అప్పు కూడా వజ్రం మీదే పెడతారా? డెబ్స్వానా లాభంలో 80 శాతం ఎలాగూ వస్తోంది. డి బీర్స్ కొంటే అదనంగా వచ్చేది బ్రాండు, దుకాణాలు, కెనడా, దక్షిణాఫ్రికా, నమీబియా గనుల్లో వాటాలు, అంటే అదే ధర పతనానికి బలయ్యే మరిన్ని వజ్రాలు.

ఎవరో ప్రైవేటు పెట్టుబడిదారుడో, పక్కనున్న అంగోలావో కొనేసి బోట్స్వానాని పక్కన పెడితే ఎలా అని అడుగుతారు. నిజమైన భయమే. కానీ డి బీర్స్ అమ్మే ముడి వజ్రాల్లో దాదాపు 70 శాతం బోట్స్వానావే, ఆ రాళ్ళు లేకపోతే డి బీర్స్ అన్న పేరుకి పెద్ద విలువ లేదు. 2025 ఫిబ్రవరిలో సంతకమైన ఒప్పందం ప్రకారం డెబ్స్వానా ఉత్పత్తిలో ప్రభుత్వ కంపెనీ నేరుగా అమ్ముకునే వాటా 30 శాతంతో మొదలై క్రమంగా 50 శాతానికి పెరుగుతుంది, గని లైసెన్సులు 2054 దాకా పొడిగించారు. ఎవరు కొన్నా జ్వనెంగ్ రాయి కావాలంటే గాబరోన్ వచ్చి కూర్చుని మాట్లాడాల్సిందే. ఆ 15 శాతాన్ని అలాగే ఉంచుకుని, కొత్త యజమానితో గట్టిగా బేరమాడి, చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ ముందు సప్లయర్ల బకాయిలు తీర్చడానికి, తర్వాత మొరుపులె మీద ఆధారపడకుండా ఎండ కరెంటుకి, టమాటా రైతు బోరుకీ డ్రిప్పుకీ పెట్టాలి. దేశంలో ఎండకి కరువు లేదు, ఖాళీ నేలకీ కరువు లేదు. డి బీర్స్‌ని కొనడానికి తెచ్చే అప్పు మీద కట్టే వడ్డీతో ఎన్ని క్లినిక్కులకి ఏడాది పొడుగునా మందులు వస్తాయో ఆర్థిక శాఖ ముందు లెక్క కట్టి, ఆ కాగితాన్ని పార్లమెంటులో పెట్టి, అప్పుడు ఓటింగు జరపమనండి.